నొక్కింది ఇప్పుడు, పేలింది తర్వాత: గేముల్లో ‘ఇన్‌పుట్ ల్యాగ్’ ఎక్కడ పుడుతుంది? ఎంతవరకు తగ్గించుకోవచ్చు?

“నేను ముందే నొక్కాను!”

ఫోన్‌లో బీజీఎంఐ ఆడే పిల్లలున్న ఇంట్లో ఈ మాట రోజుకు ఒక్కసారైనా వినిపిస్తుంది. గోడ చాటు నుంచి ప్రత్యర్థి బయటికొచ్చాడు. వేలు బటన్ మీద పడింది. తుపాకీ పేలేలోపే ఆట అయిపోయింది. ఆ వెంటనే వచ్చే రెండో మాట కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: “నెట్ బాలేదు.” మూడోది ఇంట్లో పెద్దవాళ్లతో అనేది: కొత్త ఫోన్ కావాలి, అది కుదరకపోతే కనీసం ఇంకా పెద్ద ప్లాన్ అయినా వేయించాలి.

మొదటి మాట చాలాసార్లు నిజమే. రెండోది కొన్నిసార్లే నిజం. మూడోదాని దాకా వెళ్లే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో కనుక్కోవాలి. వేలికీ తెరకూ మధ్య అరడజను మజిలీలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం మన ఇంట్లోనే, మన చేతిలోనే ఉంటాయి. పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోగలిగినవీ వాటిలో చాలానే ఉన్నాయి. కొన్ని మాత్రం ఎంత డబ్బు పోసినా తగ్గవు. ఈ రెండింటి తేడా తెలియకపోవడం వల్లే మధ్యతరగతి ఇళ్లలో వేలకు వేలు అక్కర్లేని వస్తువుల మీద ఖర్చవుతున్నాయి.

వేలి నుంచి తెర దాకా

బటన్ నొక్కిన క్షణం నుంచి దాని ఫలితం తెర మీద కనిపించే క్షణం వరకు పట్టే సమయమే ఇన్‌పుట్ ల్యాగ్. దీన్ని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతుల్లో కొలుస్తారు.

ఈ దారిలో ముందుగా టచ్ స్క్రీనో, మౌసో, జాయ్‌స్టిక్కో మన నొక్కుడును గుర్తించాలి. ఆ సంకేతం ప్రాసెసర్‌కు చేరాలి. గేమ్ దాన్ని తన తర్వాతి లెక్కలో కలుపుకోవాలి. గ్రాఫిక్స్ చిప్ కొత్త బొమ్మ గీయాలి. ఆ బొమ్మ వరుసలో తన వంతు కోసం ఆగాలి. చివరికి తెర దాన్ని చూపించాలి. ఒక్కో చోట పోయేది కొద్ది మిల్లీసెకన్లే అయినా, అన్నీ కలిస్తే 50 నుంచి 150 దాకా వెళ్లడం మామూలే.

కంటితో చూసి చేత్తో స్పందించడానికి మనిషికే సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. అలాంటప్పుడు ఇంకో 50 పెరిగితే ఏమవుతుందని అడగొచ్చు. ఎదుటివాడి స్పందన వేగమూ ఇంచుమించు అంతే ఉంటుంది కాబట్టి, ఇద్దరి మధ్య తీర్పు చెప్పేది ఈ పైనున్న తేడానే. అంతకంటే ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. గురిపెట్టడం అంటే ఒక్కసారి నొక్కి వదిలేయడం కాదు. వేలు కదుపుతూ, తెర చూస్తూ, మళ్లీ వేలు సవరించుకుంటూ చేసే పని. తెర వెనకబడితే చేయి గురి దాటి పోతుంది, మళ్లీ వెనక్కి లాగాలి.

మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2012లో ఒక ప్రయోగాత్మక తెర మీద దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించారు. వేలితో ఒక చిన్న తెల్ల చతురస్రాన్ని లాగుతుంటే, 100 మిల్లీసెకన్ల ఆలస్యంలో అది వేలి వెనక తాడు కట్టినట్టు వచ్చింది. 10కి తగ్గిస్తే తేడా చాలా తగ్గింది. 1 మిల్లీసెకను దగ్గర వేలికి అతుక్కున్నట్టే కదిలింది.

అదే ఏడాది ‘డూమ్’, ‘క్వేక్’ ఆటల ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ ఒక ట్వీట్‌లో వాపోయారు. యూరప్‌కు ఒక డేటా ప్యాకెట్ పంపడానికి పట్టే సమయం కన్నా తన ఎదుటి తెర మీద ఒక చుక్క వెలిగించడానికి పట్టే సమయమే ఎక్కువగా ఉందని దాని సారాంశం. అతిశయోక్తి అనుకున్నవాళ్లకు ఆయన తర్వాత కొలతలు చూపించారు. అట్లాంటిక్ సముద్రం దాటడం కంటే టేబుల్ మీది తెర దాటడమే కష్టమైందన్న మాట. తప్పు ఎప్పుడూ నెట్‌వర్క్‌దే అనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పాత టీవీకి లేని జబ్బు

తొంభైల్లో ఊరూరా అమ్మిన వీడియో గేమ్ సెట్లు గుర్తున్నాయా? క్యాసెట్ పెట్టి, ప్లాస్టిక్ తుపాకీని టీవీకి గురిపెట్టి బాతుల్ని కొట్టేవాళ్లం. ఇప్పుడు అదే సెట్టు అటక మీద నుంచి దించి కొత్త ఎల్ఈడీ టీవీకి తగిలిస్తే ఒక్క బాతూ పడదు. తుపాకీలో లోపం ఉండదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర మీద ఒక్క క్షణం బాతు ఉన్న చోట తెల్లటి చదరం మెరవాలి, తుపాకీలోని సెన్సర్ ఆ వెలుగును పట్టుకోవాలి. గొట్టం టీవీ సంకేతం అందిన క్షణమే గీత గీతగా చూపించేది కాబట్టి లెక్క కుదిరేది. నేటి టీవీ ఆ బొమ్మను ముందు తన దగ్గర పెట్టుకుని, మెరుగులు దిద్ది, ఆ తర్వాత చూపిస్తుంది. అప్పటికి తుపాకీ ఎదురుచూపు ముగిసిపోతుంది.

ఈ మెరుగులే అసలు సమస్య. రంగులు దట్టం చేయడం, మసక తగ్గించడం, తక్కువ రిజల్యూషన్‌ను 4కేకి పెంచడం, రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును ఊహించి కదలికను నునుపుగా చూపించడం వంటివి సినిమాకు, క్రికెట్‌కు బాగుంటాయి. షోరూంలో టీవీని అమ్మిపెట్టేవీ అవే. గేముకు మాత్రం శత్రువులు. ఇవన్నీ ఆన్‌లో ఉంటే కొన్ని టీవీలు ఒక్కటే 100 మిల్లీసెకన్ల దాకా మింగేస్తాయి.

మందు మాత్రం రిమోట్‌లోనే ఉంది. ‘పిక్చర్ మోడ్’లోకి వెళ్లి ‘గేమ్ మోడ్’ ఎంచుకుంటే టీవీ ఈ పనుల్లో చాలావాటిని పక్కన పెట్టేస్తుంది. ఇటీవలి మంచి టీవీల్లో ఆలస్యం 10, 20 మిల్లీసెకన్ల దగ్గరికి దిగుతుంది. రంగులు కాస్త వెలవెలబోయినట్టు అనిపించవచ్చు, రెండు రోజుల్లో కళ్లు అలవాటు పడతాయి. ఈ సెట్టింగ్ చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడిగా ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ పోర్టుకు పెట్టి, కన్సోల్ పోర్టుకు పెట్టకపోతే ప్రయోజనం లేదు. హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ‘ఆటో లో లేటెన్సీ మోడ్’ ఉంటే, కన్సోల్ ఆన్ చేయగానే టీవీ తనంతట తానే గేమ్ మోడ్‌లోకి మారుతుంది. అది కూడా మెనూలో ఎక్కడో ఆఫ్‌లో ఉండే అవకాశం ఉంది, ఒకసారి చూసుకోవాలి.

మా అన్నయ్య ఇంట్లో రెండేళ్లుగా వాడుతున్న కన్సోల్ మీద మా మేనల్లుడి ఫిర్యాదు ఒక్కటే, జాయ్‌స్టిక్ “మొండికేస్తోంది” అని. కొత్తది ఆర్డర్ పెట్టబోతుంటే ఆపి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాం. ఈ కొలత ఎవరైనా చేసుకోవచ్చు. సెకనుకు 240 ఫ్రేముల వీడియో పెట్టి, బటన్ మీద వేలూ తెరా రెండూ కనిపించేలా తీయాలి. తర్వాత ఒక్కో ఫ్రేము జరుపుతూ, బటన్ అడుక్కి వెళ్లిన ఫ్రేము నుంచి తెర మీద కదలిక మొదలైన ఫ్రేము దాకా లెక్కపెట్టాలి. ఒక్కో ఫ్రేము సుమారు 4.2 మిల్లీసెకన్లు. 24 ఫ్రేములు వస్తే 100 మిల్లీసెకన్లన్న మాట. ఐదారుసార్లు తీసి సగటు చూడాలి, ఒక్కసారి తీసింది నమ్మకూడదు. ఆ రోజు గేమ్ మోడ్ పెట్టకముందూ పెట్టాకా వచ్చిన లెక్కల మధ్య తేడా చూసి వాడే ఆర్డర్ రద్దు చేశాడు.

ఈ జబ్బు గేమ్ తయారీదారులకు ఎప్పుడో తెలుసు. పాటకు తగ్గట్టు గిటార్ మీటలు నొక్కే ‘రాక్ బ్యాండ్ 2’ 2008లో వచ్చినప్పుడు, దాని ప్లాస్టిక్ గిటార్‌లోనే వెలుగును పట్టే సెన్సర్, చిన్న మైకు పెట్టారు. టీవీకి ఎదురుగా పట్టుకుంటే బొమ్మ ఎంత ఆలస్యంగా వస్తోందో, శబ్దం ఎంత ఆలస్యంగా వస్తోందో అదే కొలుచుకుని ఆటను సర్దుకునేది.

ఫోన్‌ను వైర్‌లెస్‌గా టీవీ మీదికి ‘కాస్ట్’ చేసి ఆడే అలవాటు ఉంటే మానుకోవడమే మేలు. బొమ్మను కుదించి, వైఫైలో పంపి, టీవీ మళ్లీ విప్పి చూపించాలి. ఏ సెట్టింగూ దీన్ని పూర్తిగా కాపాడలేదు.

కంప్యూటర్‌లో: వరుస పెరిగితే ఆలస్యం పెరుగుతుంది

60 హెర్ట్జ్ తెర ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒక కొత్త బొమ్మ చూపిస్తుంది. 144 హెర్ట్జ్‌లో అది 6.9, 240లో 4.2. కాబట్టి రిఫ్రెష్ రేటు పెంచితే ఆలస్యం తగ్గుతుందన్నది నిజమే. అయితే లాభం మెట్టు మెట్టుకూ చిన్నదవుతూ వస్తుంది. 60 నుంచి 144కి వెళ్తే ఫ్రేముకు దాదాపు 10 మిల్లీసెకన్లు మిగులుతాయి. 144 నుంచి 240కి వెళ్తే మిగిలేది మూడుకు లోపే. ధర మాత్రం అలా తగ్గుతూ పోదు. అన్నట్టు, 144 హెర్ట్జ్ మానిటర్ కొని, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 దగ్గరే వదిలేసినవాళ్లు మీరు అనుకునే దానికంటే ఎక్కువమందే ఉంటారు.

కంప్యూటర్‌లో అసలు దొంగ ‘వీ-సింక్’. తెర మీది బొమ్మ మధ్యలో చిరిగినట్టు కనిపించకుండా ఇది గ్రాఫిక్స్ కార్డును తెర వంతు వచ్చేదాకా ఆపుతుంది. బొమ్మ అందంగా ఉంటుంది కానీ, గీసి సిద్ధంగా ఉన్న ఫ్రేములు వరుసలో నిలబడతాయి. 60 హెర్ట్జ్ తెర మీద వరుసలో ఒక ఫ్రేము పెరిగితే 16.7 మిల్లీసెకన్లు, రెండు పెరిగితే 33. పోటీ గేముల్లో దీన్ని ఆపేయాలి. జీ-సింక్, ఫ్రీసింక్ ఉన్న మానిటర్లలో మధ్యేమార్గం ఉంది. అక్కడ తెరే గ్రాఫిక్స్ కార్డు కోసం ఆగుతుంది. ఫ్రేము రేటును మానిటర్ పరిమితికి రెండు మూడు తక్కువగా, అంటే 144 తెరకు 141 దగ్గర కట్టేస్తే, చిరుగులూ ఉండవు, వరుసా పెరగదు.

రెండో దొంగ మన ఆశే. సెట్టింగ్స్ అన్నీ ‘అల్ట్రా’లో పెట్టి గ్రాఫిక్స్ కార్డును ఊపిరాడకుండా చేస్తే, ప్రాసెసర్ ముందుగా పంపిన పనులు దాని వాకిట్లో పేరుకుపోతాయి. అలా వరుసలో ఉన్న ఫ్రేముల్లో మీరు ఇప్పుడు నొక్కింది ఉండదు, ఎప్పుడో నొక్కింది ఉంటుంది. నీడలు, ప్రతిబింబాల వంటివి ఒక మెట్టు తగ్గించి కార్డుకు కాస్త ఊపిరి వదిలితే ఈ పేరుకుపోవడం తగ్గుతుంది. ఎన్విడియా 2020లో తెచ్చిన ‘రిఫ్లెక్స్’ చేసే పనీ ఇదే. గేమ్ లోపలే ఈ వరుసను ఖాళీగా ఉంచుతుంది. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి వాటిలో సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, కార్డు ఎన్విడియాది అయితే ఆన్ చేయకపోవడానికి కారణం లేదు.

ఏఎండీకి ఇదే దారిలో ఎదురుదెబ్బ తగిలింది. 2023లో అది తెచ్చిన ‘యాంటీ-ల్యాగ్ ప్లస్’ గేమ్ కోడ్‌లో తలదూర్చి పనిచేసేది. కౌంటర్ స్ట్రైక్ 2లోని మోసాల నిఘా వ్యవస్థ దాన్ని దొంగ సాఫ్ట్‌వేర్ అనుకుంది. ఏ పాపం ఎరగని ఆటగాళ్ల ఖాతాలపై నిషేధాలు పడ్డాయి. ఆ ఏడాది అక్టోబరులో ఏఎండీ దాన్ని వెనక్కి తీసుకుంది, వాల్వ్ ఆ నిషేధాలను ఎత్తేయాల్సి వచ్చింది. ఒక పెద్ద కంపెనీ అధికారికంగా ఇచ్చిన డ్రైవరుకే ఈ గతి పట్టింది.

ఇది ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, హిందీ, తెలుగు, తమిళ యూట్యూబ్ చానెళ్లలో ‘జీరో ల్యాగ్ కాన్ఫిగ్’, ‘నో రీకాయిల్ ఫైల్’ అంటూ లింకులిచ్చే వీడియోలకు కొదవ లేదు. గేమ్ ఫైళ్లను మార్చే వాటిని, బయటి టూల్స్‌ను పోటీ గేములు నిబంధనల ఉల్లంఘనగానే చూస్తాయి. ఏళ్ల తరబడి పెంచుకున్న ఖాతా ఒక్క పూటలో పోవచ్చు. ఆ ఫైలుతో పాటు ఫోన్‌లోకి ఇంకేం దిగిందో, బ్యాంకు యాప్ ఉన్న అదే ఫోన్‌లో, ఎవరికి తెలుసు?

‘ఫ్రేమ్ జనరేషన్’ మీద కూడా ఒక మాట. గ్రాఫిక్స్ కార్డే మధ్యలో కొత్త ఫ్రేములు కల్పించి, అంకెను రెట్టింపు చేసి చూపిస్తుంది. కానీ మధ్య ఫ్రేము కల్పించాలంటే తర్వాతి అసలు ఫ్రేమును కాసేపు ఆపి ఉంచాలి. అంకె పెరిగినా చేతికి బరువు పెరుగుతుంది. కథా గేములకు పరవాలేదు, పోటీలకు పనికిరాదు.

మౌస్, కీబోర్డుల సంగతి త్వరగా ముగించవచ్చు. మామూలు యూఎస్‌బీ మౌస్ సెకనుకు 125 సార్లు, అంటే 8 మిల్లీసెకన్లకోసారి తన స్థితి చెబుతుంది. గేమింగ్ మౌస్ వెయ్యిసార్లు, మిల్లీసెకనుకోసారి చెబుతుంది. అది చాలు. 8,000 అని అట్టపెట్టె మీద రాసి అమ్మేదానితో అదనంగా మిగిలేది మిల్లీసెకను కూడా కాదు.

ఫోన్‌లో: అంకెల మాయ

మన దేశంలో గేములు ఆడేవాళ్లలో అత్యధికులు ఆడేది ఫోన్ మీదే. ప్రకటనల అంకెలు ఎక్కువగా మోసం చేసేదీ ఇక్కడే.

‘టచ్ శాంప్లింగ్ రేటు’ అంటే తెర మీది వేలిని సెకనుకు ఎన్నిసార్లు గమనిస్తుందన్నది. 240 ఉన్న ఫోన్ 4.2 మిల్లీసెకన్లకోసారి చూస్తుంది. 480 ఉన్నది 2.1కోసారి. సగటున మిగిలేది ఒక్క మిల్లీసెకను. పెట్టె మీద మాత్రం ‘రెట్టింపు వేగం’ అని ఉంటుంది. దానికంటే గేమ్ ఎన్ని ఫ్రేముల్లో నడుస్తోందన్నది చాలా ముఖ్యం. ఆండ్రాయిడ్‌లో బొమ్మ తెర మీదికి రావడానికి ముందు సాధారణంగా రెండు మూడు ఫ్రేముల వరుస దాటుతుంది. 60 ఫ్రేముల్లో మూడు అంటే 50 మిల్లీసెకన్లు, 120లో అవే మూడు 25. అంటే 120 హెర్ట్జ్ తెర కొన్నా, గేమ్ ఆ ఫోన్‌కు 60 మించి ఇవ్వకపోతే లాభంలో పెద్ద భాగం పోయినట్టే. కొనేముందు ‘ఈ ఫోన్‌లో ఈ గేమ్ ఎన్ని ఫ్రేములు ఇస్తుంది’ అని వెతకడం, హెర్ట్జ్ ఎంత అని అడగడం కన్నా తెలివైన ప్రశ్న.

తర్వాతి శత్రువు వేడి. మే నెల మధ్యాహ్నం, 43 డిగ్రీల రామగుండంలోనో రెంటచింతలలోనో, ఛార్జర్ తగిలించి, మందపాటి కవరు తొడిగి ఆడితే ఏ ఫోన్ అయినా పావుగంటలో తన వేగం తానే తగ్గించుకుంటుంది. చిప్ కాలిపోకుండా చేసుకునే ఏర్పాటు అది. మొదటి మ్యాచ్ బాగా ఆడి, మూడో మ్యాచ్‌లో ‘నెట్ పోయింది’ అనుకునే సందర్భాల్లో దీని వాటా పెద్దదే. కవరు తీసేయండి, బ్రైట్‌నెస్ తగ్గించండి, ఛార్జింగ్ అయ్యాకే ఆడండి. గ్రాఫిక్స్ ‘స్మూత్’లో పెట్టి ఫ్రేము రేటును పెంచుకోవడం పోటీ ఆటగాళ్లంతా చేసే పనే. ‘పవర్ సేవింగ్’ ఆన్‌లో ఉంటే పైవన్నీ వృథా.

శబ్దం మరో కథ. మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. పాటలకు తెలియదు. సినిమా యాప్ బొమ్మను కూడా అంతే ఆపి సర్దుకుంటుంది. గేమ్ అలా ఆగలేదు. వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించేసరికి ఆ మనిషి మీ పక్కనే ఉంటాడు. ‘గేమ్ మోడ్’ ఉన్న ఇయర్‌బడ్స్ దీన్ని బాగా తగ్గిస్తాయి. కానీ రెండు మూడు వందల రూపాయల వైరు ఇయర్‌ఫోన్ ముందు అవి ఇప్పటికీ వెనకే.

నెట్‌వర్క్: వెడల్పు వేరు, వేగం వేరు

కచ్చితంగా చెప్పాలంటే పింగ్ అన్నది ఇన్‌పుట్ ల్యాగ్ కాదు. మీ పరికరం నుంచి గేమ్ సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం అది. చేతికి మాత్రం రెండూ ఒకేలా తగులుతాయి. తేడా తెలుసుకోవడం సులువు. ట్రైనింగ్ గ్రౌండ్‌లోనో, నెట్ అక్కర్లేని గేములోనో కూడా మొండితనం ఉంటే తప్పు ఇంట్లోది. అక్కడ బాగుండి, మ్యాచ్‌లో మాత్రమే తేడా వస్తే నెట్‌ది.

నెట్ అనగానే అందరూ చూసేది ఎంబీపీఎస్. అది రోడ్డు వెడల్పు. గేముకు కావాల్సింది సన్నటి దారే, ఆగకుండా పోయేది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లినవాళ్లకు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర ఏం జరుగుతుందో తెలుసు. హైవే వెడల్పే, కానీ గేటు ముందు కార్లు కిలోమీటర్ల కొద్దీ. ఇంటి రౌటర్‌లో జరిగేదీ అదే. ఎవరో పెళ్లి వీడియో అప్‌లోడ్ చేస్తుంటే ఆ డేటా అంతా రౌటర్ వాకిట్లో బారులు తీరుతుంది. గేము పంపే చిన్న ప్యాకెట్ ఆ బారు చివర నిలబడుతుంది. నెట్‌వర్క్ ఇంజినీర్లు దీన్ని ‘బఫర్‌బ్లోట్’ అంటారు. ఎవరూ నెట్ వాడనప్పుడు ఒకసారి, పెద్ద ఫైలు అప్‌లోడ్ అవుతుండగా ఒకసారి పింగ్ చూడండి. మొదటిసారి 20, రెండోసారి 200 వస్తే జబ్బు ఇదే. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300కి మార్చినంత మాత్రాన ఇది పోతుందన్న గ్యారంటీ లేదు.

చికిత్సలో మొదటిది ఫోటోల ఆటో బ్యాకప్‌ను రాత్రికి మార్చుకోవడం. రౌటర్‌లో ‘ఎస్‌క్యూఎం’ అనే సదుపాయం ఉంటే ఆన్ చేసి, వేగాన్ని ప్లాన్ కంటే ఓ పది శాతం తక్కువకు కట్టేయడం రెండోది. రౌటర్ గేమ్ ప్యాకెట్‌ను బారులో నిలబెట్టకుండా పక్క దారిన పంపిస్తుంది. కంపెనీలు కనెక్షన్‌తో పాటు ఇచ్చే రౌటర్లలో ఇది కనిపించడం అరుదు. కంప్యూటర్‌కు, కన్సోల్‌కు వైఫై బదులు లాన్ కేబుల్ వాడటం మూడోది. అపార్ట్‌మెంట్లలో పదిహేను ఇళ్ల వైఫైలు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఉంటాయి. కేబుల్ కుదరకపోతే కనీసం 5 గిగాహెర్ట్జ్‌కు మారి, రౌటర్ ఉన్న గదిలోనే ఆడాలి.

ఇక్కడిదాకా మన చేతిలో ఉన్నవి. దూరం అలా కాదు.

ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్ల దూరానికి, వెళ్లి రావడానికి కనీసం 1 మిల్లీసెకను. హైదరాబాద్ నుంచి ముంబై సర్వర్‌కు గీత గీసినట్టు వెళ్తే 6. సింగపూర్‌కు 33. కేబుళ్లు గీత గీసినట్టు పోవు, మధ్యలో మజిలీలుంటాయి కాబట్టి అసలు అంకెలు ఇంకా ఎక్కువే. అందుకే గేములో సర్వర్ ఎంపిక ఉంటే ముందు అది చూసుకోవాలి. వాల్వ్‌కు ముంబై, చెన్నైలలో సర్వర్లున్నాయి. వాలరెంట్‌కు ముంబైలో ఉన్నాయి. ‘పింగ్ తగ్గిస్తాం’ అని నెలకింత వసూలు చేసే వీపీఎన్ యాప్‌లు, మీ ఆపరేటర్ దారి నిజంగా చుట్టూ తిప్పుతుంటేనే పనికొస్తాయి. దారి ఇప్పటికే సరిగ్గా ఉంటే ఇంకో మజిలీ కలిపినట్టే. ఉచిత ట్రయల్ ముగిసేలోపు అంకెలు చూసి తేల్చుకోవచ్చు.

ఒకప్పుడు మన దేశంలోనే పక్కపక్క ఊళ్లలో ఉన్న ఇద్దరి మధ్య డేటా విదేశం వెళ్లి తిరిగొచ్చేది, ఇద్దరి ఆపరేటర్లు వేరైతే. దాన్ని తప్పించడానికే 2003లో నిక్సీ ఏర్పడింది. సర్వర్ ఎక్కడుందన్నది రాజకీయ ప్రశ్న కూడా. 2020లో పబ్‌జీ మొబైల్‌ను, 2022లో దాని భారతీయ రూపం బీజీఎంఐని కేంద్రం అడ్డుకుంది. 2023 మేలో మళ్లీ అనుమతించినప్పుడు, సర్వర్ల స్థానం, డేటా భద్రత విషయంలో షరతులు పాటించినందుకే ఇస్తున్నామని అప్పటి సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ ప్రకటించారు. భద్రత కోసం పెట్టిన షరతే అయినా, సర్వర్ దగ్గరికొస్తే పింగ్ కూడా దగ్గరవుతుంది.

దూరం ఉన్నట్టుండి పెరగనూ వచ్చు. 2025 సెప్టెంబరులో ఎర్ర సముద్రంలో, జెడ్డా దగ్గర, సముద్రగర్భ కేబుళ్లు తెగినప్పుడు భారత్, పాకిస్తాన్ సహా ఈ ప్రాంతమంతటా ఇంటర్నెట్ మందగించింది. పశ్చిమాసియా మీదుగా పోయే ట్రాఫిక్‌లో ఆలస్యం పెరిగిందని మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ వినియోగదారులకు చెప్పుకోవాల్సి వచ్చింది. అలాంటి రోజు యూరప్ సర్వర్‌లో ఆడుతూ రౌటర్‌ను పదిసార్లు ఆపి ఆన్ చేసినా ఏం లాభం?

డాలస్‌లో అన్న, విజయవాడలో తమ్ముడు

శనివారం రాత్రి డాలస్‌లో ఉన్నవాళ్లకూ, ఆదివారం ఉదయం విజయవాడలో ఉన్నవాళ్లకూ కలిసి ఆడుకునే వేళ కుదురుతుంది. తెలుగు ఇళ్లలో ఇప్పుడిది మామూలైపోయింది. మధ్య దూరం 14 వేల కిలోమీటర్లకు పైనే. కాంతి వేగం ప్రకారమే రానూపోనూ 140 మిల్లీసెకన్లు దాటుతుంది. ఆచరణలో 200 దాటడం ఖాయం. దీనికి ఏ ప్లానూ, ఏ రౌటరూ మందు కాదు.

కానీ గేమ్ రాసిన తీరు కొంతవరకు మందే. ఫైటింగ్ గేముల్లో పాత పద్ధతి, ఎదుటివాడి నొక్కుడు చేరేదాకా ఇద్దరినీ ఆపడం. అంటే దూరం మొత్తం ఇన్‌పుట్ ల్యాగ్‌గా మారిపోయేది. అమెరికాకు చెందిన టోనీ కానన్ 2006లో ‘జీజీపీఓ’ అనే వేరే పద్ధతి తెచ్చారు. మీ నొక్కుడు వెంటనే అమలవుతుంది. ఎదుటివాడు ఏం చేసి ఉంటాడో గేమ్ ఊహించి ముందుకు నడుస్తుంది. ఊహ తప్పితే రెండు మూడు ఫ్రేములు వెనక్కి వెళ్లి, సరిచేసుకుని, మళ్లీ ప్రస్తుతానికి వచ్చేస్తుంది. దీన్నే ‘రోల్‌బ్యాక్’ అంటారు. 2019లో దాని కోడ్‌ను అందరికీ ఉచితంగా వదిలారు. ఇప్పుడు స్ట్రీట్ ఫైటర్ 6 వంటి పెద్ద గేములూ రోల్‌బ్యాక్ మీదే నడుస్తున్నాయి. దూరం మరీ ఎక్కువైతే ప్రత్యర్థి ఉన్న చోటు నుంచి ఎగిరి మరో చోట దిగినట్టు కనిపిస్తాడు. మీ చేయి మాత్రం మీ మాట వింటుంది.

పాత గేముల ప్రియులకు ఇంకో విశేషం. 2018లో ‘రెట్రోఆర్చ్’ అనే ఎమ్యులేటర్ ‘రన్-అహెడ్’ అనే సదుపాయం తెచ్చింది. చాలా పాత గేముల కోడ్‌లోనే నొక్కుడుకూ కదలికకూ మధ్య ఒకటి రెండు ఫ్రేముల ఖాళీ ఉండేది. ఎమ్యులేటర్ ఆ ఖాళీని ముందుగానే తెర వెనక నడిపేసి, నేరుగా ఫలితం చూపిస్తుంది. సరిగ్గా అమర్చుకుంటే చిన్నప్పుడు ఆడిన గేమ్ అప్పటి అసలు యంత్రం మీద కన్నా చురుగ్గా నడుస్తుంది.

ఈ-స్పోర్ట్స్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చింది. డబ్బు పందేల గేములను నిషేధించిన 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం కూడా ఈ-స్పోర్ట్స్‌కు విడిగా గుర్తింపు ఇచ్చింది. అయినా క్వాలిఫయర్లు చాలావరకు ఎవరి ఇంటి నుంచి వాళ్లు ఆన్‌లైన్‌లో ఆడేవే. ముంబైలో సర్వర్ పక్కన కూర్చున్నవాడూ, శ్రీకాకుళంలో మొబైల్ డేటా మీద ఆడేవాడూ ఒకే పట్టికలో ఉంటారు. ఫైనల్స్‌ను ఒకే హాల్లో, ఒకే నెట్‌వర్క్ మీద పెట్టేది అందుకే. అక్కడిదాకా రావాలంటే ముందు ఇంటి నుంచి గెలవాలి. ట్రాయ్ 2024 నాణ్యత నిబంధనల్లో లేటెన్సీ, జిట్టర్‌లకు కూడా కొలమానాలు చేరాయి. ఆపరేటర్‌కు ఫిర్యాదు చేసేటప్పుడు “నెట్ స్లోగా ఉంది” అని కాకుండా, ఏ వేళలో, ఏ సర్వర్‌కు, పింగ్ ఎంత వస్తోందో వారం రోజుల లెక్క రాసి పంపిస్తే, స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ చూపించి ఫిర్యాదు మూసేయడం వాళ్లకు అంత తేలిక కాదు.